క్రీడాచార్యుడు రహీం

శాస్త్రం నేర్పిన గురువును, సంగీతం నేర్పిన గురువును లోకం గుర్తుంచుకొంటుంది. ఆట నేర్పిన గురువు పేరు మాత్రం తరచుగా మరుగున పడిపోతుంది. గోలు చేసిన ఆటగాడి పేరు వేలమంది ప్రేక్షకుల నోట మారుమోగుతుంది. ఆ గోలుకు దారి చూపిన వ్యక్తి మైదానం అంచున మౌనంగా నిలిచి ఉంటాడు. అట్లా అంచున నిలిచి, భారత ఫుట్‌బాల్‌ను ఆసియా ఖండంలో అగ్రస్థానానికి చేర్చిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు నగరంలో ఒక బడిపంతులుగా జీవితాన్ని ప్రారంభించి, రెండు ఆసియా క్రీడోత్సవాలలో దేశానికి స్వర్ణపతకాలు సాధించిపెట్టిన ఆయనను శిష్యులు, అభిమానులు ఆప్యాయంగా రహీం సాహెబ్ అని పిలుచుకొన్నారు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అప్పటికి నగరం నిజాం పాలనలో ఉంది. సికిందరాబాదు దండు ప్రాంతంలో ఆంగ్లేయుల సైనిక పటాలాలు ఉండేవి. ఆ సైనికులు ఆడే ఫుట్‌బాల్‌ను చూసి నగరంలోని యువకులు కూడా ఆ ఆటపై మక్కువ పెంచుకొన్నారు. గల్లీలలోను, ఖాళీ స్థలాలలోను పిల్లలు వట్టి కాళ్లతో బంతిని తన్నుతూ పెరిగిన కాలమది. రహీం ఆ వాతావరణంలోనే పెరిగారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టులో ఆడారు. తరువాత స్థానిక పోటీలలో పేరుపొందిన కమర్ క్లబ్బు తరఫున కూడా రాణించారు. చదువును, ఆటను రెండు కళ్లుగా భావించి రెండింటిలోను శ్రద్ధ వహించడం విద్యార్థి దశ నుండే ఆయనకు అలవడిన గుణం.

పట్టభద్రులైన తరువాత ఆయన ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వంటి ఇతర విద్యాలయాలలోను పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పాఠశాలల క్రీడా కార్యక్రమాల బాధ్యతను కూడా చేపట్టారు. ఈ బోధనానుభవమే ఆయన భావి జీవితానికి పునాది అయింది. తరగతి గదిలో ఒకే పాఠాన్ని చెప్పినా అందరు పిల్లలూ ఒకే విధంగా గ్రహించరు. ఎవరికి ఏది కష్టమో కనిపెట్టి, వారికి తగిన రీతిలో బోధించడం ఉపాధ్యాయుని నేర్పు. ఆటగాళ్ల విషయంలోను రహీం ఈ పద్ధతినే అనుసరించారు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఎన్నికై, నగరంలో ఆటను క్రమబద్ధం చేసే పనిని కూడా భుజాన వేసుకొన్నారు.

ఆ రోజుల్లో మన దేశపు ఫుట్‌బాల్‌లో వ్యక్తిగత నైపుణ్యానికే పెద్దపీట. బంతి దొరికిన ఆటగాడు దానిని వదలకుండా, ఎదురువచ్చిన వారిని ఒక్కొక్కరినే తప్పించుకొంటూ ముందుకు సాగేవాడు. దీనినే డ్రిబ్లింగ్ అంటారు. చూడటానికి అది ఎంతో ముచ్చటగా ఉంటుంది. కాని బంతి ఒక్కరి కాళ్ల దగ్గరే ఉండిపోతే మిగిలిన పదిమంది ప్రేక్షకులుగా మిగిలిపోతారు. ఈ లోపాన్ని రహీం స్పష్టంగా గుర్తించారు. అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం ఉపాధ్యాయునికే తట్టగలిగినది. డ్రిబ్లింగ్ చేయరాదన్న నియమంతో ప్రత్యేకంగా పోటీలు నిర్వహించారు. బంతి అందిన వెంటనే తోటి ఆటగానికి అందించక తప్పని పరిస్థితిని కల్పించారు. తన చుట్టూ ఎవరెక్కడ ఉన్నారో గమనించే అలవాటు ఆటగాళ్లకు దీనివల్ల సహజంగా అబ్బింది.

అట్లాగే ప్రతి ఆటగానికి ఒక కాలు బలంగాను, మరొక కాలు బలహీనంగాను ఉంటుంది. కుడికాలితో మాత్రమే కొట్టగలవాడిని ప్రత్యర్థి సులభంగా అడ్డుకొంటాడు. అందుచేత బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతోను ఆయన పోటీలు పెట్టారు. లోపాన్ని చూపి నిందించడం కంటె, ఆ లోపం తనంతట తానే తొలగిపోయే పరిస్థితులను కల్పించడం ఆయన బోధనలోని రహస్యం.

ఈ శిక్షణ ఫలితాలు తొలుత హైదరాబాదు సిటీ పోలీసు జట్టులో కనబడ్డాయి. 1950లో ఆ జట్టు శిక్షణ బాధ్యతను రహీం స్వీకరించారు. అదే సంవత్సరం ఢిల్లీలో జరిగిన డ్యురాండ్ కప్ ఫైనల్లో ఆ జట్టు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్‌ను ఎదుర్కొంది. మోహన్ బగాన్ ఆనాటికే దేశమంతటా కీర్తి పొందిన జట్టు. తొలి ఆట సమంగా ముగియగా, తిరిగి ఆడిన ఆటలో హైదరాబాదు పోలీసులు ఒక గోలుతో విజయం సాధించారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు కైవసం చేసుకొని ఆ జట్టు చరిత్ర సృష్టించింది. జాతీయ స్థాయిలో రాష్ట్ర జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదు జట్టు వరుసగా రెండుసార్లు గెలుచుకొంది. అంతవరకు ఫుట్‌బాల్ అంటే కలకత్తా పేరే స్ఫురించేది. ఇక దాని సరసన హైదరాబాదు పేరు కూడా చేరింది.

అప్పటి భారత జాతీయ జట్టు స్థితిని తెలుసుకొంటే రహీం సాధించిన మార్పు విలువ బోధపడుతుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో అధికులు బూట్లు లేకుండానే ఆడారు. ఫ్రాన్సుతో జరిగిన ఆటలో చక్కని ప్రతిభ చూపి 1-2 తేడాతో ఓడిపోయారు. 1950లో జాతీయ జట్టు శిక్షకుని బాధ్యత రహీంకు లభించింది. మరుసటి సంవత్సరమే, అంటే 1951 మార్చిలో, ఢిల్లీలో తొలి ఆసియా క్రీడోత్సవాలు జరిగాయి. శైలెన్ మన్నా నాయకత్వంలో భారత జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను ఓడించి ఫైనల్ చేరింది. ఇరాన్‌తో జరిగిన ఆ ఆటలో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో భారతదేశం స్వర్ణపతకాన్ని గెలుచుకొంది.

విజయం వెన్నంటే పరాభవం కూడా వచ్చింది. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1-10 తేడాతో చిత్తుగా ఓడిపోయింది. అక్కడి చలిలో, వట్టి కాళ్లతో ఆడిన మన ఆటగాళ్లు బూట్లు ధరించిన బలిష్ఠులైన ప్రత్యర్థుల ముందు నిలవలేకపోయారు. ఈ పరాజయం తరువాత భారత ఆటగాళ్లకు బూట్లు ధరించడం తప్పనిసరి అయింది. ఓటమికి వాతావరణాన్నో అదృష్టాన్నో నిందించి ఊరకుంటే రహీం జీవితకథ అక్కడితో ముగిసేది. ఆయన ఆ ఓటమిని ఒక పాఠంగా స్వీకరించారు. ఐరోపా జట్లు దేహదారుఢ్యంలోనే కాక, ఆటగాళ్లు నిలబడే స్థానాల కూర్పులోను ముందున్నాయని గ్రహించారు. ఆట వేగం, ఓర్పు, వ్యూహం అనే మూడింటిపై దృష్టి నిలిపారు.

వ్యూహాల విషయంలో రహీం కాలానికంటె ముందు నడిచారు. పాత పద్ధతిలో ఐదుగురు దాడికి, ఇద్దరు మాత్రమే రక్షణకు నిలిచేవారు. ప్రత్యర్థి వేగంగా ఎదురుదాడి చేసినప్పుడు ఆ ఇద్దరూ నిస్సహాయులయ్యేవారు. నలుగురు రక్షణలోను, ఇద్దరు నడుమను, నలుగురు దాడిలోను నిలిచే విన్యాసాన్ని 4-2-4 అంటారు. 1958లో స్వీడన్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో బ్రెజిల్ జట్టు ఈ విన్యాసంతో విజేతగా నిలిచి దానిని లోకప్రసిద్ధం చేసింది. భారత ఫుట్‌బాల్‌కు దానిని అలవాటు చేసిన ఘనత రహీంకే దక్కుతుంది. ఈ పద్ధతిలో నడుమ నిలిచే ఇద్దరిపై భారం ఎక్కువ. దాడికి వెళ్లే బంతిని అందించేది వారే, ప్రత్యర్థి దాడిని మొదట ఎదుర్కొనేదీ వారే. అందుచేత వారికి నిలకడ, దూరదృష్టి రెండూ అవసరమవుతాయి.

ప్రతిభ ఎక్కడ ఉన్నా గుర్తించడం రహీం స్వభావం. సికిందరాబాదు సమీపంలోని అమ్ముగూడలో ఒక పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఇందుకు ఉదాహరణ. స్థానిక పోటీలలో ఆ కుర్రవాని ఆటను చూసిన రహీం, అతనిని శిక్షణకు పిలిచారు. ప్రతిదినం హైదరాబాదు వచ్చి వెళ్లడానికి కావలసిన ఖర్చు ఆ కుటుంబానికి భారమని తెలిసి, రాకపోకల ఏర్పాటు తామే చూశారు. ఆ బలరామే తరువాత భారతదేశం గర్వించదగిన ఫార్వర్డుగా ఎదిగాడు. మతం, భాష, సంపద అనే భేదాలకు ఆయన శిక్షణలో తావులేదు. మైదానంలో చూపే ఆటే ఆయన దృష్టిలో ప్రమాణం.

1956లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగాయి. సమర్ బద్రు బెనర్జీ నాయకత్వంలో వెళ్లిన భారత జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు ఆటగాళ్లు పలువురు ఉన్నారు. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4-2 తేడాతో ఓడించింది. ఆ ఆటలో బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోలులు చేసిన తొలి ఆసియా ఆటగాడు అతడే. సెమీఫైనల్లో భారత జట్టుకు ఎదురైనది యుగోస్లావియాయే. నాలుగేళ్ల క్రితం పది గోలులతో అవమానించిన జట్టుపై ఈసారి మన జట్టే ముందుగా గోలు చేసింది. చివరకు 1-4 తేడాతో ఓడినా, ఆ పోరాటం హెల్సింకీ మచ్చను చాలావరకు చెరిపివేసింది. కాంస్యపతకం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి భారత్ నాలుగో స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు హంగరీ, ఫ్రాన్సు, పెరూ వంటి గట్టి ప్రత్యర్థులు ఎదురయ్యారు. హంగరీతో 1-2 తేడాతో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1గా ఆటను సమం చేసుకొంది. పెరూతో ఓడి వెనుదిరిగినా, ప్రపంచ స్థాయి జట్లతో సమఉజ్జీగా నిలవగలమని నిరూపించుకొంది. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు. అయినా ఒక్క ఆటలోను అతనికి మైదానంలో దిగే అవకాశం లభించలేదు. శిక్షకుడు తండ్రే అయినప్పటికి అతనికి ప్రత్యేకమైన అవకాశం దొరకలేదు. హకీం తరువాత వైమానిక దళ అధికారిగా, అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకునిగా పేరుపొంది, 2021లో మరణించాడు.

రహీం జీవితంలో మహోన్నత ఘట్టం 1962లో వచ్చింది. ఆ సంవత్సరం ఇండోనేషియా రాజధాని జకార్తాలో నాలుగో ఆసియా క్రీడోత్సవాలు జరిగాయి. అప్పటికే ఆయన శరీరాన్ని కాన్సర్ వ్యాధి క్రమంగా హరించివేస్తోంది. ఆరోగ్యం క్షీణిస్తున్నా జట్టును వీడలేదు. చునీ గోస్వామి నాయకత్వంలో బరిలోకి దిగిన భారత జట్టు తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయింది. అయినా నిరుత్సాహపడకుండా థాయిలాండ్‌ను 4-1తోను, జపాన్‌ను 2-0తోను ఓడించి సెమీఫైనల్ చేరింది. ఈ క్రమంలో రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అటువంటి ఆటగాడిని పక్కన పెట్టడం సులభం. రహీం మాత్రం సాహసోపేతమైన నిర్ణయం తీసుకొన్నారు. జర్నైల్‌ను రక్షణ స్థానం నుండి తప్పించి, దాడి చేసే సెంటర్ ఫార్వర్డు స్థానంలో నిలిపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2 తేడాతో గెలిచింది. ఆ మూడు గోలులలో ఒకటి జర్నైల్ చేసినదే.

ఫైనల్ నాటికి జకార్తాలో పరిస్థితులు భారతీయులకు ప్రతికూలంగా మారాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించింది. ఆసియా క్రీడా సమాఖ్యలో ప్రముఖుడైన భారతీయుడు గురుదత్ సోంధీ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. దానితో అక్కడి ప్రజలలో ఆగ్రహం చెలరేగి, భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. లక్షమందికి చేరువైన ప్రేక్షకులు భారత జట్టును గేలి చేయడానికి సిద్ధంగా ఉన్నారు. అటువంటి వేళ ఆటగాళ్ల మనసులు చెదరకుండా కాపాడటం ఆట నేర్పడం కంటె కష్టం. ఫైనల్‌కు ముందు రహీం శిష్యులను పిలిచి, స్వర్ణపతకాన్ని తమకు కానుకగా ఇవ్వవలసిందని మాత్రమే కోరారని ఆనాటి ఆటగాళ్లు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. గురువు ఆరోగ్య స్థితి ఎరిగిన శిష్యుల హృదయాలలో ఆ కోరిక ఎంత లోతుగా నాటుకొని ఉంటుందో ఊహించవచ్చు.

1962 సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియాయే. ప్రేక్షకుల కేకల మధ్య 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ తొలి గోలు చేశాడు. మరి కొద్ది నిమిషాలకే తలకు గాయమైన జర్నైల్ సింగ్ రెండో గోలు సాధించాడు. ఆట చివరిలో కొరియా ఒక గోలు చేసినా, గోల్‌కీపర్ తంగరాజ్, రక్షణలోని అరుణ్ ఘోష్ మొదలైనవారు గట్టిగా నిలిచారు. భారత్ 2-1 తేడాతో విజయం సాధించింది. తొలి ఆటలో ఓడించిన జట్టునే చివరి ఆటలో ఓడించి, శిష్యులు తమ గురుదక్షిణ చెల్లించుకొన్నారు.

ఆ తరువాత రహీం ఎక్కువ కాలం జీవించలేదు. కాన్సర్ వ్యాధితో పోరాడుతూ 1963 జూన్ 11న పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం 1985లో గాని నెలకొల్పలేదు. ఆ గౌరవాన్ని అందుకొనే అదృష్టం ఆ నిజమైన ద్రోణునికి లేకపోయింది. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదలై, కొత్త తరానికి ఆయన పేరును పరిచయం చేసింది.

రహీం మరణం వల్ల కలిగిన లోటు ఎంతటిదో తరువాతి చరిత్రే చెబుతుంది. 1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడోత్సవాలలో జపాన్‌ను ఓడించి కాంస్యపతకం గెలిచిన జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ ఒకడు. స్వర్ణం మాత్రం 1962 తరువాత మళ్లీ దక్కలేదు. ఇక్కడ జపాన్ ఉదాహరణ గమనింపదగినది. 1962లో మన చేతిలో ఓడిన ఆ దేశం, జర్మనీకి చెందిన శిక్షకుడు డెట్మార్ క్రామర్ సలహాలను అనుసరించి, శిక్షకులను తయారుచేసే పద్ధతిని, దేశవ్యాప్తమైన లీగ్ పోటీలను నెలకొల్పుకొంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యపతకం సాధించింది. అక్కడ గురువు చూపిన బాట ఒక వ్యవస్థగా రూపుదిద్దుకొంది. మన దేశంలో ఆ విద్య అధికభాగం ఒక మహనీయుని మేధలోను, కొందరు శిష్యుల జ్ఞాపకాలలోను నిలిచిపోయింది. గురువును కొనియాడటంతో సరిపెట్టుకొని, ఆయన పద్ధతిని పదిలపరచుకోని సమాజం ఎంత నష్టపోతుందో ఈ పోలిక తెలుపుతుంది.

రహీం స్వయంగా ఆసియా క్రీడలలోనో ఒలింపిక్స్‌లోనో ఆడినవారు కాదు. ఆయన మెడలో స్వర్ణపతకం ఎన్నడూ వేలాడలేదు. పదకొండు మంది తమ తమ ప్రతిభలను ఒకరికొకరు అందించుకొంటేనే జట్టు అవుతుందన్న సత్యాన్ని ఒక తరం ఆటగాళ్లకు ఆయన బోధించారు. బంతిని తన వద్దనే దాచుకొనేవాడు క్షణకాలం మెప్పు పొందగలడు. సరైన సమయంలో తోటివానికి అందించేవాడు జట్టును గెలిపించగలడు. చదువులోను, ఉద్యోగంలోను, సంఘజీవనంలోను ఈ పాఠం వర్తిస్తుంది. బలహీనమైన కాలితో ఆడటం నేర్పిన ఆ ఉపాధ్యాయుని జీవితం, తమలోని లోపాలకు భయపడక వాటిని సాధనతో జయించవలసిందిగా యువతరానికి మార్గం చూపుతూనే ఉంటుంది.